మన ప్రోగ్రాములకు ఒక ఇంటిపేరు కావాలి

తెలుగు పాఠం చెప్పుకునే ఉపన్యాసకుడు కంప్యూటరు ప్రోగ్రాముల గురించి వ్రాయడమేమిటని విద్యార్థులు ఆశ్చర్యపడవచ్చు. గత సంవత్సరం మన కళాశాలలో జరిగిన ఒక సంఘటన నన్ను ఈ వ్యాసానికి పురికొల్పింది. అది యంత్రానికి సంబంధించిన సమస్యగా మొదలై చివరకు అక్షరానికి సంబంధించిన సమస్యగా తేలింది. అక్షరం సంగతి వచ్చినప్పుడు భాష చెప్పేవాడు మౌనంగా వుండడం భావ్యం కాదు.

పైగా ఈ సంవత్సరం కళాశాలకు ఒక కొత్త ఫోను యాప్ చేయించాలని కమిటీ వారు సంకల్పించారు. సంకల్పం మంచిదే. అయితే ఈ ఐదవ ప్రోగ్రాము పుట్టకముందే, ఇప్పుడున్న నాలుగింటిని ఒక కుటుంబంగా కూర్చాలనీ, ఆ కుటుంబాన్ని పోషించే బాధ్యత ఎవరిదో నిర్ణయించాలనీ నా అభిప్రాయం. అందుకు కారణాలను కమిటీ పెద్దల ముందు, విద్యార్థుల ముందు సవినయంగా వుంచుతున్నాను.

ముందుగా ఆ సంఘటన. డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థిని ఉపకారవేతనం కోసం దరఖాస్తు పెట్టుకుంది. ఆమె తల్లి మిరపకాయల తొడిమలు తీసే కూలిపనికి వెళ్ళి ఇల్లు గడుపుతున్నది. దరఖాస్తు తిరస్కరింపబడలేదు, అంగీకరింపబడనూ లేదు, ఎక్కడో ఆగిపోయింది. కారణం విచారించగా, పదవ తరగతి ధ్రువపత్రంలో ఆమె ఇంటిపేరు 'ఎస్‌కె' అని రెండక్షరాలు మాత్రమే వున్నది. ఆధార్ కార్డులో 'షేక్' అన్న మాట ఐదు ఇంగ్లీషు అక్షరాలతో పేరుకు చివర వున్నది. బ్యాంకు పుస్తకంలో అదే మాట మరొక వర్ణక్రమంతో పేరుకు ముందు వున్నది. మనుషులకు ఈ మూడూ ఒక్కరే. యంత్రానికి మాత్రం ముగ్గురు అమ్మాయిలు. ఒక కార్యాలయం నుండి మరొక కార్యాలయానికి తల్లీ కూతుళ్ళు తిరిగారు. తిరిగిన ప్రతి రోజూ తల్లికి ఒక దినకూలి పోయింది. చివరకు గడువు తేదీ కూడా పోయింది.

ఇంతవరకు తప్పు బయటివారిదని నిందించి వూరుకోవచ్చును. కాని కళాశాల తరపున ఆమెకు ధ్రువీకరణ వ్రాసి ఇవ్వడానికి నేను మన రికార్డులు తీసి చూశాను. ప్రవేశాల ప్రోగ్రాములో ఆమె పేరు ఒక విధంగా వున్నది. ఫీజుల ప్రోగ్రాములో మరొక విధంగా వున్నది. గ్రంథాలయం ప్రోగ్రాములో ఇంటిపేరే లేదు. హాజరు ప్రోగ్రాము తెరుచుకోనే లేదు. ఆ అమ్మాయి నా బల్ల దగ్గర నిలబడి, "సార్, నా పేరు నేను వ్రాసుకున్నట్లు ఎక్కడైనా వుందా?" అని అడిగింది. నేను సమాధానం చెప్పలేకపోయాను.

మన పల్నాటి ముస్లిం విద్యార్థుల పేర్లలో ఈ చిక్కు సర్వసాధారణం. ఉర్దూలో 'షైఖ్' అని కంఠం నుండి పలికే చివరి హల్లు తెలుగు నాలుకపై 'షేక్' అయింది. దానిని ఇంగ్లీషులో వ్రాసేటప్పుడు కనీసం నాలుగు వర్ణక్రమాలు వాడుకలో వున్నాయి. 'మహమ్మద్' సంక్షేపంగా 'ఎండి' అవుతుంది. 'మస్తాన్‌వలి' ఒకచోట ఒకే మాట, మరొకచోట రెండు మాటలు, వ్రాసేవారి తొందరలో ఒక్కొక్కసారి 'వల్లి' కూడా. ఇంటిపేరు ముందు వ్రాయడం తెలుగునాట ఆచారం. ఈ ఆచారాన్ని ఎరుగని దరఖాస్తు పత్రం 'మొదటి పేరు' అని ఒక గడి ఇస్తుంది. అప్పుడు తరగతిలో సగం మందికి మొదటి పేరు 'షేక్' అవుతుంది! ఇది ముస్లిములకు మాత్రమే పరిమితమైన బాధ కాదు. పొడుగాటి ఇంటిపేర్లను ఒక్క అక్షరానికి కుదించుకునే అలవాటున్న తెలుగువారందరికీ ఇది తెలిసినదే.

ఇక అసలు విషయానికి వస్తాను. మన కళాశాలలోని నాలుగు ప్రోగ్రాములు నాలుగు వేర్వేరు సంవత్సరాలలో, నాలుగు వేర్వేరు కంప్యూటరు విద్యార్థుల జట్లు చేసినవి. ప్రతి జట్టు శ్రద్ధగానే పనిచేసింది. కాని ప్రతి జట్టూ తన పనిని మొదటినుండి మొదలుపెట్టింది. ప్రతి ప్రోగ్రాములోను విద్యార్థుల పేర్ల పట్టికను మళ్ళీ కొత్తగా ఎక్కించారు. తేదీ వ్రాసే పద్ధతి కూడా ఒకటి కాదు. '05-06' అన్న తేదీని గ్రంథాలయం ప్రోగ్రాము జూన్ 5గా చదువుతుంది, ఫీజుల ప్రోగ్రాము మే 6గా చదువుతుంది. హాజరు ప్రోగ్రాము ఎందుకు తెరుచుకోలేదంటే, దాని సంకేతపదం తెలిసిన విద్యార్థి చదువు ముగించి ఉద్యోగానికి హైదరాబాదు వెళ్ళిపోయాడు. అతనిని తప్పు పట్టడం న్యాయం కాదు. తాళం ఎవరికి అప్పగించాలో మనమే చెప్పలేదు.

ఒకే ఇంట్లో పుట్టిన ప్రోగ్రాములు పరస్పరం పరాయివైపోవడం కొత్త సమస్య కాదు. 1976లోనే డేవిడ్ పార్నస్ అనే కంప్యూటరు శాస్త్రవేత్త 'ప్రోగ్రాముల కుటుంబం' అన్న భావనను వివరిస్తూ ఒక ప్రసిద్ధ వ్యాసం ప్రకటించాడు. ఆయన వాదన సారాంశం ఇది: కొన్ని ప్రోగ్రాములలో సమానమైన అంశాలు ఎక్కువగా వున్నప్పుడు, ముందుగా ఆ సమాన అంశాలను పరిశీలించి స్థిరపరచుకోవాలి. వాటి మధ్య భేదాలను ఆ తరువాత ఒక్కొక్కటిగా నిర్ణయించుకోవాలి. ఒక ప్రోగ్రామును పూర్తిగా ముగించి, దానికే అతుకులు వేసి రెండవదానిని, రెండవదానికి అతుకులు వేసి మూడవదానిని తయారు చేస్తే, మొదటిదానిలోని పొరపాటు అన్నింటికీ సంక్రమిస్తుంది; దిద్దుబాటు మాత్రం ఒక్కదానికే చేరుతుంది.

ఈ మాట పల్నాటివారికి బోధపడడానికి కంప్యూటరు అక్కరలేదు, నాగార్జునసాగరం చాలు. 1955 డిసెంబరు 10న ఆ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలారు. మాచర్ల దిక్కున మొదలయ్యే కుడికాలువను జవహర్ కాలువ అంటారు. ప్రధాన కాలువ నుండి శాఖా కాలువలు, వాటినుండి పంట కాలువలు. పొలం పొలానికి నేల భేదం, పైరు భేదం, తూము భేదం వుంటాయి. నీటి నిలువ మాత్రం ఒక్కటే. ప్రతి రైతూ తన పొలానికి ఒక సాగరం కట్టుకోవాలంటే కుదిరే పని కాదు. మన నాలుగు ప్రోగ్రాములలో జరిగింది సరిగా అదే: ప్రతి పొలానికీ ఒక చిన్న కుంట తవ్వుకున్నాము, ఒక కుంటలో నీటికీ మరొక కుంటలో నీటికీ సంబంధం లేదు.

మన తెలుగునాట ప్రభుత్వ సేవల చరిత్రలో ఇటువంటి కుటుంబానికి పెద్ద ఉదాహరణ వున్నది. 1998లో 'కార్డ్' అన్న పేరుతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని రిజిస్ట్రేషన్ కార్యాలయాలలో కంప్యూటర్లు ప్రవేశించాయి. జంటనగరాలలో 'ట్విన్స్' అన్న పేరుతో ప్రయోగాత్మకంగా మొదలైన బిల్లుల చెల్లింపు పథకం 2001లో 'ఈ-సేవ' అయింది. 2011లో 'మీసేవ' వచ్చింది. 2015లో భూమి రికార్డులకు 'మీభూమి' వచ్చింది. 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు ప్రారంభమై సేవలు వూరి నడుమకు చేరాయి. 2025 జనవరి 30న వాట్సాప్ ద్వారా 161 సేవలతో 'మన మిత్ర' ఆరంభమయింది. ఇరవై ఏడేళ్ళలో సామాన్యుడు నడవవలసిన దూరం ఎంత తగ్గిందో మన తండ్రులను అడిగితే తెలుస్తుంది. ఈ ప్రగతిని నేను తక్కువ చేసి చెప్పడం లేదు.

అయితే ఈ చరిత్రలో మనకు పనికివచ్చే పాఠం మరొకటి వున్నది. గుమ్మం ఒకటైనంత మాత్రాన లోపలి పుస్తకాలు ఒకటి కావు. వేర్వేరు శాఖలు వేర్వేరు కాలాలలో వ్రాసుకున్న పేర్ల పట్టికలు ఒకే కిటికీ వెనుక నిలబడినప్పుడు, వాటి మధ్య వున్న తేడాలు మాయమవవు, బయటపడతాయి. మా విద్యార్థిని ఆ తేడాల మధ్యనే చిక్కుకున్నది. మన కమిటీ సంకల్పించిన కొత్త యాప్ కూడా ఒక అందమైన గుమ్మమే. దాని వెనుక నాలుగు పొంతన లేని పట్టికలు అట్లాగే వుంటే, విద్యార్థి తన పేరులోని తప్పును ఇకమీదట ఫోనులోనే చూసుకోగలుగుతాడు. అంతకు మించి ప్రయోజనం వుండదు.

పోషణ అంటే ఏమిటో కూడా ఈ చరిత్రే చెబుతుంది. 2014 జూన్ 2న రాష్ట్రం రెండుగా విడిపోయినప్పుడు, 'మీసేవ' అన్న పేరు ఇరువైపులా కొనసాగినా నిర్వహణ రెండుగా చీలవలసి వచ్చింది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26 అయినాయి. గుంటూరు జిల్లా నుండి పల్నాడు జిల్లా ఏర్పడి నరసరావుపేట ముఖ్యపట్టణమయింది. వూళ్ళు ఎక్కడివక్కడే వున్నాయి, మనుషులూ వారే. కాని జిల్లా పేరు అడిగే ప్రతి ప్రోగ్రాములోను ఎవరో ఒకరు కూర్చుని మార్పు చేయవలసి వచ్చింది. మన కళాశాల ఫీజు రసీదు మీద ఈనాటికీ గుంటూరు జిల్లా అనే అచ్చు పడుతున్నది. ఆ రసీదు ప్రోగ్రాము చెడిపోలేదు. లోకం మారింది, దానికి ఆ మాట చెప్పేవారు లేరు. ఇల్లు కట్టి తాళం వేసి వెళ్ళిపోతే, ఎవరూ పడగొట్టకపోయినా ఇల్లు పాడవుతుంది.

ఒక పెద్ద ఉపద్రవాన్ని ఇక్కడ స్మరించుకోవాలి. 1996 జూన్ 4న ఐరోపా దేశాల 'ఏరియాన్-5' రాకెట్టు తన మొదటి ప్రయాణంలో ఎగిరిన సుమారు 40 సెకన్లకే నాశనమయింది. అంతకు ముందటి 'ఏరియాన్-4' రాకెట్టులో చక్కగా పనిచేసిన ఒక ప్రోగ్రాము భాగాన్ని దీనిలో అట్లాగే వాడుకున్నారు. కొత్త రాకెట్టు వేగం ఎక్కువ. ఆ వేగానికి సంబంధించిన ఒక సంఖ్య, పాత ప్రోగ్రాము కేటాయించిన గడిలో పట్టలేదు. ఆ గడిలో పట్టే గరిష్ఠ సంఖ్య 32,767 మాత్రమే. ఉమ్మడి ఆస్తి మేలైనదే. కాని తాతగారి చెప్పులు మనుమడి కాలికి సరిపోతాయా లేదా అని చూసుకోకుండా పరుగు తీయకూడదు. కుటుంబంలోని ఒక భాగాన్ని కొత్తచోట వాడే ప్రతిసారీ, ఆ భాగం ఏయే నమ్మకాల మీద నిలబడి వున్నదో చదివి చూడాలి. చదవాలంటే ముందు ఎవరో వ్రాసిపెట్టి వుండాలి.

ఇక ఆక్షేపణలు. నాలుగు పట్టికలను ఒకటి చేస్తే, ఆ ఒక్కదానిలో తప్పు దొర్లినప్పుడు అన్నిచోట్లా తప్పే కదా అని ఒక సహోద్యోగి అన్నారు. నిజమే. కాని అన్నిచోట్లా ఒకే తప్పు వుంటే, ఒక్కచోట దిద్దితే అన్నిచోట్లా సరి అవుతుంది. నాలుగు చోట్ల నాలుగు తప్పులుంటే ఎన్నిసార్లు దిద్దినా అనుమానం తీరదు. అన్ని వివరాలు ఒకేచోట చేరడం ప్రమాదం కాదా అని మరొకరు అడిగారు. ఇది ఇంకా గట్టి ప్రశ్న. ఆడపిల్లల ఫోను నంబర్లు, తండ్రుల ఆదాయాలు, బ్యాంకు ఖాతాలు అందరి కంటా పడకూడదు. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో పార్లమెంటు ఒక చట్టాన్నే చేసింది. అందుచేత ఉమ్మడి పట్టిక అంటే అందరికీ తెరిచిన పెట్టె కాదు. గ్రంథాలయానికి పేరు, సంఖ్య, తరగతి చాలు. ఆదాయంతో దానికి పనిలేదు. హాజరుకు బ్యాంకు ఖాతాతో పనిలేదు. ఏ తూముకు ఎంత నీరో ముందే నిర్ణయించాలి.

బయటి సంస్థ నుండి అన్నీ కలిసిన ప్రోగ్రామును కొనివేయరాదా అని కొందరి సలహా. కొనవచ్చును. కాని రెండు షరతులు ముందే వ్రాయించుకోవాలి. పేర్ల పట్టిక మనదిగా వుండాలి. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఇతర ప్రోగ్రాములు చదవగల రూపంలో దానిని బయటికి తీసుకోగలగాలి. ఈ జాగ్రత్త లేకపోతే ఏమవుతుందో ఈ వార్షిక సంచికే సాక్ష్యం. మన ఉర్దూ పుటలు ఒక సాఫ్ట్‌వేరులో, తెలుగు పుటలు మరొక సాఫ్ట్‌వేరులో కూర్చబడుతూ వచ్చాయి. పదేళ్ళ క్రితపు సంచిక ఫైళ్ళను మొన్న తెరిచి చూస్తే, తెలుగు వ్యాసాల స్థానంలో అర్థం లేని ఇంగ్లీషు గుర్తులు కనిపించాయి. ఆనాటి అక్షరాలు ఆనాటి ఫాంటుకు మాత్రమే అర్థమయ్యేవి. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి ప్రమాణంలోనే తెలుగుకు 128 స్థానాల గడి వున్నది. ఉర్దూ వ్రాసే అరబీ లిపికీ చోటు వున్నది. కుడినుండి ఎడమకు నడిచే లిపీ, ఎడమనుండి కుడికి నడిచే లిపీ ఒకే ఫైలులో పక్కపక్కన కూర్చోగలవు. ఆ వసతిని మనం వాడుకోవడంలోనే ఆలస్యం జరిగింది.

విద్యార్థుల ఆక్షేపణ వేరు. కొత్త ప్రోగ్రాము చేస్తే ప్రాజెక్టు మార్కులు వస్తాయి, పాతదాన్ని బాగుచేస్తే ఏం వస్తుంది అని వారు అడుగుతున్నారు. వారి ప్రశ్నలో న్యాయమున్నది. లోపం మన విలువకట్టే పద్ధతిలో వున్నది. 2014లో 'హార్ట్‌బ్లీడ్' అన్న లోపం బయటపడినప్పుడు ప్రపంచంలోని అసంఖ్యాకమైన వెబ్‌సైట్ల భద్రతకు ముప్పు వచ్చింది. ఆ వెబ్‌సైట్లన్నీ నమ్ముకున్న ఉమ్మడి ప్రోగ్రామును పోషిస్తున్నవారు కొద్దిమంది మాత్రమేనని, వారికి దక్కుతున్న ధనసహాయం అత్యల్పమని అప్పుడు గాని లోకానికి తెలియలేదు. కాలువ తవ్విన రోజున సభలు జరుగుతాయి. ఏటేటా పూడిక తీసేవానికి దండ వేసేవారు లేరు. పూడిక తీయని సంవత్సరం చివరి భూముల రైతుకు తెలుస్తుంది, పూడిక విలువ. మన కళాశాలలో ఆ చివరి భూమి పేదింటి విద్యార్థి.

ఇక నా సూచనలు. మొదటిది: ప్రవేశం జరిగిన రోజునే ప్రతి విద్యార్థికి ఒక సంఖ్య ఇచ్చి, పేరును తెలుగులో, ఉర్దూ తెలిసినవారికి ఉర్దూలో, పదవ తరగతి ధ్రువపత్రంలో వున్న వర్ణక్రమంతో ఇంగ్లీషులో ఒకే పట్టికలో వ్రాయాలి. ఒక లిపి నుండి మరొక లిపికి మార్చే పనిని యంత్రానికి వదలరాదు. వ్రాసినదాన్ని విద్యార్థి స్వయంగా చదివి సంతకం చేయాలి. ఆధార్‌లోను, బ్యాంకులోను పేరు వేరుగా వుంటే ఆ రోజే చెప్పి, దిద్దుకోవడానికి సహాయం చేయాలి. ఉపకారవేతనం గడువు చివరి వారంలో కాదు.

రెండవది: నాలుగు ప్రోగ్రాములూ పేరును ఈ పట్టిక నుండే చదవాలి, సొంతంగా ఎక్కించుకోరాదు. దిద్దుబాటు ఒక్కచోట, ఒక్క ఉద్యోగి చేతిమీదుగా, కాగితం ఆధారంతో జరగాలి. తేదీ పద్ధతి, ప్రవేశ సంకేతం, ధ్రువపత్రం అచ్చు వంటి ఉమ్మడి భాగాలను ఒక్కసారి వ్రాసి అందరూ వాడుకోవాలి. అవసరం వచ్చింది కదా అని ఎవరూ ఉమ్మడి భాగాన్ని విడిగా నకలు తీసుకుని తమ ఇష్టం వచ్చినట్లు మార్చుకోరాదు. గురజాల, మాచర్ల రెండు రాజ్యాలైతే కారెంపూడి ఎట్లా ముగిసిందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

మూడవది: ప్రతి ప్రోగ్రాముకు తెలుగులో ఒక నోటుపుస్తకం వుండాలి. అది ఏమి చేస్తుందో, ఎట్లా చేస్తుందో, ఏ మార్పు ఎప్పుడు ఎందుకు జరిగిందో దానిలో వ్రాయాలి. సంకేతపదాలు ప్రిన్సిపాల్ గారి బీరువాలో వుండాలి. చివరి సంవత్సరం విద్యార్థులు ఇద్దరు, వారి వెంట రెండవ సంవత్సరం విద్యార్థులు ఇద్దరు పోషణ బాధ్యత వహించాలి. పెద్దలు వెళ్ళేనాటికి చిన్నవారు పని నేర్చి వుంటారు. ఈ పనిని కొత్త ప్రాజెక్టుతో సమానంగా శాఖవారు మూల్యాంకనం చేయాలి.

నాలుగవది కమిటీ పెద్దలకు. భవనానికి సున్నం కొట్టించడానికి ఏటా బడ్జెట్టులో ఒక పద్దు వున్నది. ప్రోగ్రాముల పోషణకు కూడా ఒక పద్దు వుండాలి. చిన్న మొత్తమైనా ఫరవాలేదు, ప్రతి సంవత్సరం వుండాలి. సాఫ్ట్‌వేరు విషయంలో కట్టడం కంటె కాపాడుకోవడానికే ఎక్కువ ఖర్చవుతుందని ఈ రంగంలో అనుభవమున్నవారందరూ చెబుతారు. ఈ సంవత్సరం కొత్త యాప్‌కు అనుకున్న ధనంలో కొంత ముందుగా ఈ పనికి కేటాయించి, యాప్‌ను ఒక సంవత్సరం వాయిదా వేయవలసిందిగా నా ప్రార్థన. అప్పుడు అది ఐదవ పరాయిది కాక, ఆ ఇంటి ఐదవ బిడ్డ అవుతుంది.

ఆ విద్యార్థిని ఇప్పుడు మూడవ సంవత్సరంలో వున్నది. పత్రాల దిద్దుబాటు పూర్తయింది. పోయిన సంవత్సరపు ఉపకారవేతనం మాత్రం రాలేదు, రాదు. ఆమె వేసిన ప్రశ్న నా దగ్గరే మిగిలిపోయింది. వచ్చే జూన్‌లో కొత్త విద్యార్థులు ప్రవేశాల బల్ల ముందు నిలబడి తమ పేర్లు చెబుతారు. ఆ పేర్లు ఎట్లా వ్రాసుకోవాలో, ఎక్కడ వ్రాసుకోవాలో, ఎవరు కాపాడాలో అంతకు ముందే నిర్ణయం కావాలని కోరుతున్నాను. కమిటీ పెద్దలు ఈ విషయాన్ని తమ వేసవి సమావేశంలో చర్చకు తీసుకుంటారని ఆశిస్తున్నాను. పట్టిక వ్రాసే పనిలో తెలుగు, ఉర్దూ వర్ణక్రమాలు సరిచూసే బాధ్యతను మా భాషా విభాగాలు సంతోషంగా స్వీకరిస్తాయి.